కరెంటు ఐదు సార్లా, ఇరవై సార్లా, చెన్నై పోవాలా: ఒక ఆర్టీసీ మేస్త్రీ రివ్యూ

మా ఇంట్లో షెల్ఫు మీద ఇంకా ఒక లీటరు నీళ్ల బాటిల్ ఉంది. సరిగ్గా సగం దగ్గర నల్ల మార్కర్‌తో గీత గీసి ఉంటుంది. 2025 జూన్, జూలైల్లో ఆ గీత దాకా నీళ్లు తాగి, ముప్పావు గంట సేపు మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవడమే నా డ్యూటీ. రెండున్నర లక్షలు దాటిన ట్రీట్‌మెంట్‌లో నా చేతిలో ఉన్న పని అదొక్కటే. మా ఇంటామె దాన్ని పారేస్తానంటే వద్దన్నా.

నేను ఆర్టీసీలో శ్రామిక్‌గా చేరి లీడింగ్ హ్యాండ్‌గా రిటైరయినవాణ్ని. వయసు 68, ఉండేది ఉప్పల్. ప్రొస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కి రేడియేషన్, అంటే మన భాషలో కరెంటు, పెట్టించుకున్నా. అంతకుముందు హైదరాబాద్‌లో మూడు ఆస్పత్రులు తిరిగా. ఒక్కోచోట ఒక్కో మెషీన్ పేరు, ఒక్కో రేటు, ఒక్కో లెక్క. ఆ తిరుగుడంతా ఇక్కడ పెడుతున్నా. ఆస్పత్రుల పేర్లు మాత్రం రాయను. మంచి రాస్తే అడ్వర్టైజ్‌మెంట్ అంటారు, చెడ్డ రాస్తే నోటీసు పంపుతారు. ఇంకో మాట, నేను డాక్టర్ని కాను, బస్సు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ని. నా లెక్క నా రిపోర్టుకే సరిపోతుంది.

ఆ రిపోర్టు ఇదీ. పీఎస్ఏ, అంటే ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష అంకె, 11.4. ఎమ్మారైలో ప్రొస్టేట్ సైజు 68 గ్రాములు, అంటే బాగా పెరిగినట్టే. బయాప్సీలో 12 ముక్కలు తీస్తే 5 ముక్కల్లో ఉంది. క్యాన్సర్ కణాలు ఎంత మొండివో చెప్పే గ్లీసన్ స్కోరు 4+3. ఇక్కడ చాలామంది ‘ఏడే కదా’ అంటారు. మా పాత కండక్టర్ మిత్రుడికీ ఏడే. కాకపోతే ఆయనది 3+4. ముందున్న అంకె ఎక్కువ భాగం ఏ రకమో చెప్తుంది. నాలుగు ముందుంటే కొంచెం మొండి జాతి. మొత్తం ఒకటే అయినా ట్రీట్‌మెంట్ మారిపోతుంది. పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో ఎముకలకీ, లింఫు గ్రంథులకీ పోలేదని తేలింది. ఆ రోజు మా బిడ్డ ఆఫీసులోనే ఏడ్చిందట, నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఆస్పత్రిలో యూరాలజిస్టు రోబోతో ఆపరేషన్ చేద్దామన్నారు. తప్పు పట్టను. ఇంజన్ మేస్త్రీని అడిగితే ఇంజన్ దించుదామంటాడు, ముప్పై ఏళ్లు నేనూ అదే చెప్పా. కానీ నాకు 2019లో గుండెకి స్టెంటు వేశారు, రక్తం పలచబడే గోళీలు నడుస్తున్నాయి. మత్తు, కోత అనేసరికి మా కార్డియాలజిస్టు మొహం చిట్లించారు. రేడియేషన్ డాక్టర్‌ని కూడా కలిసి రండి అని ఆ యూరాలజిస్టే చీటీ రాసిచ్చారు, అది మాత్రం ఆయన పెద్దమనసు. మీ డాక్టర్ రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి. బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు చూసిన ప్రొటెక్ట్ అనే పరిశోధన 2023లో వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్, ఊరికే కనిపెట్టుకుని ఉండటం, మూడింట్లో ఏది చేసినా ఈ జబ్బుతో పోయినవాళ్లు నూటికి సుమారు ముగ్గురే. అందులో ఎక్కువమందికి నా అంత మొండి రకం కాదు, అది వేరే సంగతి. కానీ ‘రేపే ఆపరేషన్, ఎల్లుండికి లేట్’ అన్న భయం మాత్రం నాకు దాంతోనే దిగింది. రెండు నెలలు నిమ్మళంగా తిరిగి చూసుకున్నా.

రెండోది పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి. డాక్టర్ని కలవకముందే కౌన్సెలర్ అమ్మాయి ఏసీ రూములో కూర్చోబెట్టి టాబ్‌లో వీడియో చూపించింది. ‘కత్తి లేదు, కోత లేదు, ఐదే సిట్టింగులు అంకుల్, వారంన్నరలో ఫ్రీ.’ ఇది సైబర్ నైఫా అమ్మా అన్నా. ‘సైబర్ నైఫ్ లాంటిదే అంకుల్’ అంది. లాంటిదే అంటే? గరుడ లాంటిదే అని చెప్పి ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తే ప్యాసింజర్లు ఊరుకుంటారా?

తర్వాత తెలుసుకున్నది రాస్తా, ఎందుకంటే ఈ ఒక్కచోటే జనం ఎక్కువ మోసపోతున్నారు. ఎస్‌బీఆర్‌టీ అనేది పద్ధతి, అంటే పెద్ద డోసు, తక్కువ సిట్టింగులు, గురి చాలా సన్నం. సైబర్ నైఫ్ అనేది ఒక మెషీన్ పేరు. రోబో చెయ్యి చివర చిన్న లైనాక్ (రేడియేషన్ కిరణం పుట్టించే మెషీన్) బిగించి ఉంటుంది, ప్రొస్టేట్‌లో గుచ్చిన బంగారు గింజల్ని ఎక్స్‌రేతో వెంటాడుతూ కొడుతుంది. అదే ఎస్‌బీఆర్‌టీని మంచి మామూలు లైనాక్ మీద కూడా ఇస్తారు. ఐదు సిట్టింగులు పనిచేస్తాయని చూపించిన పేస్-బి పరిశోధనలో కూడా కొందరికి సైబర్ నైఫ్ మీద, కొందరికి లైనాక్ మీద ఇచ్చారు. 2024లో వచ్చిన దాని ఫలితం ఇది: ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఐదు సిట్టింగుల వైపు 95.8 శాతం, పాత పద్ధతి వైపు 94.6. అంటే జబ్బుని ఆపడంలో ఐదు సిట్టింగులు ఏం తక్కువ తినలేదు. కాబట్టి ‘మా మెషీన్ వేరు’ అని ఎక్కువ గుంజితే ఏ రకంగా వేరో అడగండి.

రేటు దగ్గరికొచ్చేసరికి 3,90,000 ప్యాకేజీ అంది. అందులో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద రాసివ్వమన్నా. విజిటింగ్ కార్డు వెనకాల రాసిచ్చింది! ప్లానింగ్ సీటీ వేరే. గింజలు గుచ్చడం వేరే. ప్రొస్టేట్‌కీ మలద్వారపు సంచికీ మధ్య ఎడం కోసం ఎక్కించే జెల్ ఒక్కటే లక్షకు పైన, అదీ వేరే. అన్నీ కలిపితే ఐదున్నర దాటింది. మా వర్క్‌షాపులో జాబ్ కార్డు రాయకుండా బండి మీద స్పానర్ పెట్టం. వీళ్లు మనిషి మీద చెయ్యేసేదానికి విజిటింగ్ కార్డు చాలంటారు. వైద్యం ఎట్లుంటుందో నేను చూడలేదు గనక మార్కులు వెయ్యను. కౌన్సెలింగుకి మాత్రం అయిదుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఛాయ్ మంచిగున్నందుకు.

మూడో ఆస్పత్రిలో రేడియేషన్ డాక్టర్ యాభై ఏళ్ల ఆడమనిషి. నా ఫైలు ముప్పావుగంట చూశారు. మెషీన్ పేరు ఎత్తకముందు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ధార ఎట్లుంది?’ నాలుగుసార్లు లేస్తా, ధార సన్నగా ఆగి ఆగి వస్తుంది అన్నా. ఓ ఫారం ఇచ్చి మార్కులు వేయించారు, 35కి 17 వచ్చింది. ఇక్కడ మార్కులు ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ. అప్పుడు విడమరిచి చెప్పారు. ప్రొస్టేట్ ఇంత పెద్దగా ఉండి, ధార ముందే సరిగా లేనివాళ్లకి ఒక్కో సిట్టింగులో పెద్ద డోసు కొడితే వాపుకి మూత్రం బిగుసుకుపోయే భయం ఎక్కువ. పైగా పేస్-బిలో తీసుకున్నది 3+4 దాకానే, నాలాంటి 4+3 వాళ్లు అందులో లేరు. ‘మీకు ఐదు ఇవ్వకూడదని కాదు, ఇరవై అయితే నేను రాత్రి నిశ్చింతగా నిద్రపోతా’ అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

నాకొచ్చిన అనుమానం మీకూ వస్తుంది. పాత పద్ధతిలో 37 సిట్టింగులు, ఒక్కోటి 2 గ్రే (డోసు కొలత), మొత్తం 74. ఇరవై అయితే ఒక్కోటి 3, మొత్తం 60. ఐదు అయితే ఒక్కోటి 7.25, మొత్తం 36.25. సరుకు తగ్గుతుంటే రేటు పెరుగుతుందేంటి డాక్టరమ్మా అన్నా. ఆవిడ నవ్వి, ప్రొస్టేట్ క్యాన్సర్ కణానికి చిన్న దెబ్బలు చాలా కొట్టడం కంటే పెద్ద దెబ్బలు కొన్ని కొడితే ఎక్కువ తగులుతుందన్నారు. ఇది నాకు చెప్పాల్నా? తుప్పు పట్టేసిన నట్టుని చిన్న సుత్తితో ముప్పైఏడు సార్లు తడితే కదలదు, పెద్ద సుత్తితో ఐదు దెబ్బలేస్తే లేస్తుంది. కాకపోతే పెద్ద సుత్తి జారితే పక్కన హౌసింగ్ పగులుతుంది. ఇక్కడ హౌసింగ్ అంటే ముందు మూత్రాశయం, వెనక మలద్వారపు సంచి. అందుకే ఐదు సిట్టింగులకి గురి అంత గట్టిగా ఉండాలి.

ఇరవైకి ఆధారం చిప్ అనే బ్రిటన్ పరిశోధన, 2016లో వచ్చింది, 3,216 మంది. 60 గ్రే ఇరవై సిట్టింగుల్లో ఇస్తే ఐదేళ్లకి 90.6 శాతం మంది బాగున్నారు, 74 గ్రే 37 సిట్టింగుల్లో ఇస్తే 88.3. అందులో ఎక్కువమందికి నాలాగే మగ హార్మోన్‌ని తగ్గించే ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. నా బండికి సరిపోయే మాన్యువల్ ఇదే అనిపించింది. ఇప్పుడు కూడా ఎవరైనా ఏ కారణం చెప్పకుండా 37 సిట్టింగులు రాస్తే, ఇరవైలో ఎందుకు కాదు అని తప్పకుండా అడగండి. రెండు నెలలు తిరగడం ఒళ్లుకీ జేబుకీ చిన్న విషయం కాదు.

ప్రోటాన్ సంగతి. మా అల్లుడు పట్టుపట్టాడు, ‘చెన్నైలో ఉంది మామయ్యా, పోదాం’ అని. నిజమే, చెన్నైలో 2019 నుంచి నడుస్తోంది. ప్రోటాన్ కిరణం ఒక లోతుకి పోయి అక్కడే ఆగిపోతుంది, ఎక్స్‌రేలాగా అవతల నుంచి బయటికి పోదు. వినడానికి ఎంత బాగుందో! పిల్లల మెదడు గడ్డలకి అది వరమే అంటారు. కానీ ప్రొస్టేట్‌కి? అమెరికాలో 450 మందిని రెండు వాటాలు చేసి, సగం మందికి ప్రోటాన్, సగం మందికి మంచి ఎక్స్‌రే రేడియేషన్ ఇచ్చి చూశారు. 2024లో ఫలితం చెప్పారు. రెండేళ్ల తర్వాత మోషన్స్ ఇబ్బందిలో తేడా లేదు. ఖర్చు నా బిల్లుకి ఎన్నో రెట్లు, పైగా వారాల తరబడి అద్దె రూములో కాపురం, ఇడ్లీ సాంబారు. అల్లుడికి కాగితం చూపిస్తే ఊరుకున్నాడు. పిల్లగాడి ప్రేమకి పూర్తి మార్కులు, ప్రోటాన్‌కి నా విషయంలో సున్నా.

బ్రాకీథెరపీ అని ఇంకోటుంది, నడుముకి మత్తిచ్చి, వృషణాల వెనక చర్మంలోంచి సూదులు గుచ్చి, రేడియేషన్ వదిలే ఇరిడియం గింజని లోపలికి పంపి కాసేపు ఉంచి తీసేస్తారు. అయోడిన్ గింజల్ని లోపలే వదిలేసే రకమూ ఉంది. నా సైజుకీ, నా ధారకీ కుదరదని డాక్టరమ్మ రెండు నిమిషాల్లో తేల్చేశారు. సైజు చిన్నగా ఉన్నవాళ్లు అడిగి చూడండి.

చివరికి ఆ మూడో ఆస్పత్రిలోనే ఇరవై సిట్టింగులకి ఒప్పుకున్నా. ఇక అసలు సర్వీసు ఎట్లుందో.

మొదట మూడు నెలల హార్మోన్ ఇంజెక్షన్ పొట్టలో వేశారు, మార్చి నెలాఖరున. దాంతో ఏప్రిల్, మేలో ఒళ్లంతా ఆవిర్లు. బయట 42 డిగ్రీలు, లోపల ఇంజెక్షన్. ఏ చెమట దేనిదో తెలిసేది కాదు. ‘నలభై ఏళ్ల కింద నాకొచ్చినప్పుడు నవ్వినవ్ కదా’ అంది మా ఇంటామె. నలభై కాదు, పదిహేనేళ్లే, కానీ వాదించలేదు.

జూన్ మొదటి వారంలో ప్లానింగ్ సీటీ. పడుకోబెట్టి, తుంట్ల మీదా పొత్తికడుపు మీదా మూడు చుక్కలు పచ్చబొట్టు వేశారు. ఆవగింజంత. జూన్ 9, సోమవారం మొదటి సిట్టింగు, మృగశిర కార్తె వచ్చిన వెంటనే. పద్ధతి రోజూ ఒకటే: ఇంటి దగ్గరే కడుపు ఖాళీ చేసుకుని, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, ఆస్పత్రికి చేరి, ఒకసారి మూత్రానికి పోయి, గీత దాకా అర లీటరు తాగి, ముప్పావుగంట ఆగాలి. మూత్రాశయం నిండితే పేగుల్ని పైకి నెట్టి కిరణానికి దూరంగా ఉంచుతుంది. వెనక సంచి మాత్రం ఖాళీగా ఉండాలి. ముందు నిండు, వెనక ఖాళీ. దీన్ని తలకిందులు చేసినవాడి మోషన్స్ తలకిందులవుతాయి.

నాలుగో సిట్టింగు రోజు బల్ల మీద పడుకున్నా. రోజూ కరెంటు పెట్టేముందు అదే మెషీన్‌తో చిన్న సీటీ తీసి ప్లానింగు బొమ్మతో పోల్చి చూస్తారు. స్పీకర్లో టెక్నీషియన్ అమ్మాయి గొంతు: ‘అంకుల్, గ్యాస్ ఉంది. లేచి కారిడార్‌లో నాలుగు రౌండ్లు నడిచి రండి.’ బయట పదిమంది విన్నారు. పాంటు నాడా పట్టుకుని, నిండిన మూత్రాశయంతో, గ్యాస్ కోసం నడవడం ఎట్లుంటుందో నడిచినవాడికే తెలుసు. వచ్చాక ఆ అమ్మాయి స్క్రీన్ మీద చూపించింది. వెనక సంచిలో నల్లటి బుడగ, దాని ముందు ప్రొస్టేట్ మిల్లీమీటర్లలో ముందుకు జరిగి కూర్చుంది. ‘నిన్న రాత్రి ఏం తిన్నారంకుల్?’ బీరకాయ శనగపప్పు. ఆ రోజు నుంచి శనగపప్పు, క్యాబేజీ, పాలు, మిర్చి బజ్జీ బంద్. ఇరానీ ఛాయ్ కూడా బంద్, మూత్రాశయాన్ని గిల్లుతుందట. ఇంట్లో నాలుగు వారాలు సొరకాయ, బీరకాయ, మజ్జిగ. ‘కరెంటు ఆయనకి, పథ్యం మాకు’ అని మా బిడ్డకి ఫోన్లో చెప్పడం విన్నా.

ఆ టెక్నీషియన్లకి అయిదుకి అయిదు. బుడగ చూసి కూడా కొట్టేయొచ్చు, నాకేం తెలుసు? బయట ఇంకో పాతికమంది లైన్లో ఉన్నారు. అయినా లేపి నడిపించారు. ఇరవై రోజుల్లో నన్ను మూడుసార్లు లేపారు. ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు మీరు తెలుసుకోవాల్సింది ఇది: రోజూ స్కాన్ చూస్తారా, చూసి ఆపుతారా? మెషీన్ కంపెనీ ఏదైనా పర్లేదు.

పదమూడో సిట్టింగు, జూన్ 25. ఈ ఆస్పత్రి మీద నా ఫిర్యాదు ఇక్కడే. నలుగురం ముసలోళ్లం నీళ్లు తాగి వరసగా కూర్చున్నాం. అరగంట అయింది, ముప్పావు అయింది, గంట అయింది. లోపల్నుంచి పిలుపు లేదు. మా పక్కన సిద్దిపేట నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లు మూసుకుని ఏదో జపం చేస్తున్నాడు. అడిగితే కౌంటర్ పిల్లగాడు ‘ఐదు నిమిషాలు సార్’ అంటాడు. గంటా పది నిమిషాలకి నేను తట్టుకోలేక పరిగెత్తా. తిరిగొచ్చేసరికి తెలిసింది, మెషీన్ మేం నీళ్లు తాగకముందే ఆగిపోయిందట! కౌంటర్‌కి తెలుసు. తెలిసీ తాగనిచ్చారు. ఆ రోజు నేను అరిచిన అరుపు డిపోలో కూడా ఎప్పుడూ అరవలేదు. మర్నాడు డాక్టరమ్మే బయటికొచ్చి నలుగురికీ సారీ చెప్పారు. ఒక రోజు తప్పితే చివర్లో కలుపుతాం, దాంతో నష్టం లేదన్నారు. అప్పటి నుంచి మెషీన్ ఆలస్యమైతే బోర్డు మీద రాస్తున్నారు. కౌంటర్‌కి అయిదుకి రెండు, అదీ ఆ బోర్డు వల్ల.

కానీ ఆ చెడ్డరోజు నాకో మంచి దొరికింది. మర్నాడు పొద్దున కంపెనీ ఇంజనీరు పని ముగిస్తున్నప్పుడు నేను తలుపు దగ్గర నిలబడ్డా. ఏం పోయింది బాబూ అన్నా. ‘లీఫ్ మోటార్ సార్’ అన్నాడు. నేను మెకానిక్‌నని చెప్తే కొంచెం దగ్గరికి రానిచ్చాడు. మెషీన్ తలకాయలో కిరణం బయటికొచ్చే దారిలో టంగ్‌స్టన్ రేకులు, అటు అరవై, ఇటు అరవై, మొత్తం 120. ఒక్కో రేకుకి ఒక్కో చిన్న మోటారు. మధ్యలో ఉన్న రేకులు ప్రొస్టేట్ దగ్గర పడే నీడ లెక్కన 5 మిల్లీమీటర్ల వెడల్పు. తలకాయ నా చుట్టూ తిరుగుతుంటే ఆ రేకులు ముందుకీ వెనక్కీ జరుగుతూ కిరణానికి నా ప్రొస్టేట్ ఆకారం ఇస్తాయి. ఈ పద్ధతినే వీమ్యాట్ అంటారు. ఒక్క మోటారు వెనకబడినా మెషీన్ తనంతట తానే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు నేను చూసిన బండ్లలో తప్పు తెలిసి తనే ఆగిన బండి ఒక్కటీ లేదు, బ్రేక్ డౌన్ అయ్యి ఆగినవే. ఆ మోటారు బొటనవేలంత కూడా లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే నిన్నటి కోపం సగం పోయింది. రోజూ మొదటి పేషెంటుకి ముందు ఫిజిసిస్టు డోసు సరిగా వస్తుందో లేదో చెక్ చేస్తాడని కూడా అప్పుడే తెలిసింది. మా దగ్గర పొద్దున బండి గేటు దాటేముందు చూసినట్టే.

జూలై 7న ఇరవయ్యోది అయిపోయింది. బల్ల మీద ఉండేది పావుగంట, అందులో కరెంటు రెండు మూడు నిమిషాలు. నొప్పి, వేడి, ఏమీ తెలియదు. తెలిసేది తర్వాత. రెండో వారం దాకా నాకేం కాలేదని అందరికీ ఫోన్లు చేసి చెప్పా. మూడో వారంలో ఇబ్బంది మొదలైంది. మూత్రంలో మంట, గంటకోసారి పరుగు, రాత్రి ఆరుసార్లు. మెట్రోలో ఏ స్టేషన్లో టాయిలెట్ ఏ పక్క ఉందో కంఠతా వచ్చింది. టామ్సులోసిన్ గోళీ ఇచ్చారు, కొంచెం నయం. అయిపోయిన రెండు వారాలకి ఇంకా ఎక్కువైంది, లాల్ దర్వాజా బోనాలకి బామ్మర్ది పిలిస్తే పోలేకపోయా. మోషన్స్ పలచగా ఐదారు రోజులు. ఆగస్టు చివరికి అన్నీ మెల్లగా సర్దుకున్నాయి. ఇప్పుడు రాత్రి మూడుసార్లు, మొదలుపెట్టినప్పటికంటే ఒకటి తక్కువే. మోషన్‌లో రక్తం ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా రావచ్చట, నా పలచబరిచే గోళీల వల్ల ఇంకొంచెం జాగ్రత్త అన్నారు. ఇప్పటిదాకా రాలేదు.

ఇంకోటి ఎవరూ అడగరు, డాక్టర్లూ నోరు తెరిచి చెప్పరు. మంచం సంగతి. ఇంజెక్షన్ నడిచినన్నాళ్లు కోరికే చచ్చిపోతుంది. రేడియేషన్‌తో పటుత్వం వెంటనే పోదు, కొన్నేళ్లలో మెల్లగా తగ్గొచ్చు. ఆపరేషన్‌తో అయితే వెంటనే. నాకు 68, సర్దుకున్నా. యాభై అయిదేళ్లవాళ్లు సిగ్గుపడకుండా ముందే అడగండి, భార్యని పక్కన పెట్టుకుని అడగండి.

డబ్బులు. ఇరవై సిట్టింగులు, ప్లానింగు, రోజువారీ స్కాన్లు అన్నీ కలిపి 2,64,000, ముందే కాగితం మీద రాసిచ్చారు, రూపాయి పెరగలేదు. బిడ్డ కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నాం, 20 శాతం కో-పే. అంటే నా చేతి నుంచి 52,800. రెండు ఇంజెక్షన్లూ, పెట్ స్కానూ వేరే, అవి సొంతం. పాలసీ లేనివాళ్లకి ఒక మాట: ఆరోగ్యశ్రీ కార్డుంటే ఎవరి కౌన్సెలర్ దగ్గరా కూర్చోకుండా మొదలు లక్డీకాపూల్ దగ్గర ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో, బంజారాహిల్స్ బసవతారకానికో పోయి అడగండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు.

సెప్టెంబర్‌లో పీఎస్ఏ 0.1 కంటే తక్కువ. స్వీట్లు పంచుదామంది ఇంటామె. ఆగమన్నా. రెండో ఇంజెక్షన్ ప్రభావం ఇంకా ఒంట్లో ఉంది, అది పీఎస్ఏని ఎట్లాగూ కిందికి తొక్కుతుంది. దాని ప్రభావం పోయాక అంకె ఎక్కడ నిలబడుతుందో అదే అసలు లెక్క. అప్పుడు కొంచెం పెరిగినా గాబరా పడొద్దట, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె మీద 2 పెరిగితేనే తిరగబెట్టినట్టు చూస్తారు.

కండక్టర్ మిత్రుడి సంగతి చెప్పలేదు కదా. 3+4, పీఎస్ఏ 7, ప్రొస్టేట్ 34 గ్రాములే, ధార మంచిగుంది. ఐదు సిట్టింగులు, రోజు విడిచి రోజు, పది రోజుల్లో ముగించుకుని తిరుపతి పోయొచ్చాడు. తిరిగొచ్చే రైల్లోనే ఆయనకీ మంట మొదలైంది, మూడు వారాలు ఏడిపించింది, పోయింది. ఆయనకి ఐదే కరెక్టు, నాకు ఇరవయ్యే కరెక్టు. మొన్న రామంతాపూర్‌లో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ‘మేస్త్రీ, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?’ అన్నాడు. మూడు అన్నా. ‘నాకు ఒకటే’ అని గొప్పగా చెప్పి రెండో ఛాయ్ ఆర్డర్ చేశాడు. నేను సగం కప్పు తాగి మిగతాది సాసర్‌లో ఆయన వైపు జరిపా.